వినబడే పెట్టె, కనబడే పెట్టె

వంకాయ కొనేటప్పుడు ముచ్చిక చూస్తాం. చీర కొనేటప్పుడు కొట్టువాడు ఎన్ని దీపాలు వెలిగించినా సరే, గుమ్మం దాకా తీసుకువెళ్ళి పగటి వెలుతుర్లో రంగు చూసిగాని బేరం మొదలుపెట్టం. కందిపప్పయితే నాలుగు పలుకులు నోట్లో వేసుకుని కొరుకుతాం. ఏ వస్తువుకి ఏ పరీక్ష పెట్టాలో మన ఆడవాళ్ళకి ఒకరు నేర్పనక్కర్లేదు. మరి లక్షలు పోసి లౌడ్ స్పీకర్లు కొనేటప్పుడు మన మగమహారాజులు పెట్టే పరీక్ష ఏమిటో తెలుసాండీ? చుట్టూ తిరిగి చూడటం! చెక్క మీద మెరుగు చూస్తారు. ఎత్తు చూస్తారు. వేళ్ళతో తట్టి చూస్తారు. బరువెంతో అడుగుతారు. చివరికి, ఎలాగూ వచ్చాం గదా అన్నట్టు ఒక పాట వింటారు. చెవితో కొనవలసిన వస్తువును కంటితో కొనడం — ఈ వ్యవహారంలో వున్న చిక్కంతా అదే.

"నవలలు రాసుకునే మీకెందుకండీ ఈ స్పీకర్ల గొడవ?" అని మీరడగవచ్చు. నిజమే. నేను బి.ఏ. చదివినదాన్ని. విద్యుచ్ఛక్తికీ నాకూ వున్న సంబంధం నెలనెలా బిల్లు కట్టడం వరకే. కాని నా వృత్తిలో సగం వినికిడే. నవల్లో మనిషి నోరు విప్పితే, అది గుంటూరు గొంతో కరీంనగర్ గొంతో ముందు నా చెవికి తెలియాలి. ఆ తర్వాతే కాగితం మీదికొస్తుంది. పైగా సంగీతానికి విమర్శకులున్నారు, సినిమాకి విమర్శకులున్నారు. ఆ రెంటినీ మన ఇంట్లోకి మోసుకొచ్చే పెట్టెల మీద మాత్రం మన భాషలో విమర్శ తక్కువ. కొన్నవాళ్ళు పొగుడుతారు, కొనలేనివాళ్ళు నిట్టూరుస్తారు. విమర్శ అన్నది ఈ రెంటికీ మధ్య ఎక్కడో వుండాలి గదా! ఈమధ్య మూడేళ్ళలో మూడు ఊళ్ళలో మూడు రకాల పేరుమోసిన పెట్టెల ఎదుట తీరిగ్గా కూర్చునే అవకాశం నాకు కలిగింది. అంచేత ఈ నాలుగు మాటలూ.

ముందుగా వస్తువేమిటో చెప్పుకుందాం. స్పీకరంటే మరేం లేదు, ఒక అయస్కాంతం, దాని సందులో తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన కాగితపు గరాటు. పాట కరెంటు రూపంలో తీగచుట్టలోకి రాగానే అది ముందుకీ వెనక్కీ కదులుతుంది. గరాటు గాలిని తోస్తుంది. ఆ గాలి మన చెవిని తాకుతుంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వారి దగ్గర పనిచేసిన రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు 1925లో ఈ పద్ధతిని కుదురుగా లోకానికి వివరించారు. నూరేళ్ళు గడిచాయి. కాగితం బదులు ప్లాస్టిక్కూ, ప్లాస్టిక్ బదులు మరొకటీ వచ్చాయిగాని కీలకం మాత్రం మారలేదు. రోలు రూపం మారినా రుబ్బడం రుబ్బడమే!

కష్టమల్లా ఎక్కడంటే, మనిషి చెవి సుమారు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల దాకా వింటుంది. అట్టడుగు శబ్దానికి అల పొడుగు 17 మీటర్లు. పైకొసన వున్న శబ్దానికి రెండు సెంటీమీటర్లయినా వుండదు. ఏనుగునూ చీమనూ ఒకే తాడుతో కట్టమంటే ఎలా? అందుకే పెద్ద గరాటు ఒకటి అడుగు స్వరాలకు, బుల్లి గుమ్మటం ఒకటి పై స్వరాలకు పెట్టి, ఎవరి వాటా వాళ్ళకి పంచే పెద్దమనిషి సర్క్యూట్‌ను లోపల కూర్చోబెడతారు. ఈ పంపకంలో తగువు వచ్చిందా, పాటలో అతుకు వినబడుతుంది. ఖరీదైన పెట్టెల ఖరీదులో పెద్ద వాటా ఈ అతుకు వినబడకుండా చేయడానికీ, గరాటుతోపాటు పెట్టె కూడా వణికి తన సొంత పాట పాడకుండా నోరు నొక్కడానికీ పోతుంది. మిగతాది మెరుగు.

ఇహ మొదటి పెట్టె. హైదరాబాదులో నా స్నేహితురాలి ఇంట్లో విన్నాను. పేరు అంత అందంగా వుండదు — ఎల్.ఎస్.3/5ఎ. లండన్ బి.బి.సి. ఇంజనీర్లు 1970లలో తమ అవసరం కోసం తయారుచేసుకున్నది. ఊరూరా తిరిగి ప్రసారం చేసే రేడియో వ్యానులో స్థలం వుండదు గదా! ఆ ఇరుకులో కూర్చుని, మైకు ముందు మనిషి మాట సరిగ్గా వస్తోందో లేదో వినడానికి దీన్ని చేసుకున్నారు. ఎత్తు అడుగు, వెడల్పు ఏడున్నర అంగుళాలు. బియ్యం డబ్బా పక్కన పెడితే డబ్బాయే ఠీవిగా వుంటుంది. తర్వాత లైసెన్సు తీసుకుని రోజర్స్, స్పెండర్, హార్‌బెత్ వంటి కంపెనీలు అమ్మాయి. పిట్ట కొంచెం, కూత ఘనం అంటే ఇదే. దాంట్లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడుతుంటే, పాట ఆపి శ్వాస తీసుకునే ఆ రెప్పపాటు కూడా గదిలో మనిషి వున్నట్టే వినబడింది. ఎందుకు వినబడదు? అది మనిషి గొంతు కోసమే పుట్టిన పెట్టె.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. దానికి బొడ్డు కింద ఏమీ లేదు. అట్టడుగు స్వరాలు అంత చిన్న పెట్టెలో పుట్టవు. ఇంజనీర్లు తెలివిగా మంద్రం పై అంచును రవ్వంత ఉబ్బించి, కిందది కూడా వుందేమోనన్న భ్రమ కల్పించారు. పలచని చారులో ఇంగువ ఘాటుగా వేసి కమ్మదనం తెప్పించినట్టన్నమాట. మృదంగం ఎడమ మూతికి రవ్వముద్ద పెట్టి రప్పించే ఆ 'గుం' అనే నాదం దీనిలో వస్తుంది, కాని రెండుమెట్లు దూరంగా నిలబడి వస్తుంది. అయినా మన కచేరీ వరకూ ఇది పెద్ద లోపం కాదు. తంబురా అడుగు తీగె అయినా, మృదంగమయినా 60 కంపనాల దిగువకు దిగేది బహు స్వల్పం. 20 దాకా దిగుతానని బడాయి చెప్పుకునే పెట్టెకు మన సంగీతంలో అక్కడ పనేమీ లేదు. పాతాళంలో బావి తవ్వి నీళ్ళకోసం గోదావరికి వెళ్ళడం లాంటిది!

రెండోది చెన్నైలో, మా నాన్నగారి స్నేహితుల ఇంట్లో. క్వాడ్ వారి ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్. ఇంగ్లండులో పీటర్ వాకర్ గారు 1957లో బయటికి తెచ్చిన వింత. మన 'మాయాబజార్' వచ్చిందీ ఆ ఏడే. దీన్ని కూడా మాయ అనే అనాలి. దీనికి గరాటూ లేదు, పెట్టే లేదు. వెంట్రుకకన్నా సన్నని ప్లాస్టిక్ పొర ఒకటి, దానికి అటూ ఇటూ చిల్లుల రేకులు, వాటి మధ్య వేల వోల్టుల విద్యుత్తు. పొర అంతా ఒక్కలాగే, ఒక్కసారే కదులుతుంది. చూడటానికి మాత్రం చలిదేశాల్లో గది వేడిచేసుకునే యంత్రంలా వుంటుంది. వాళ్ళింటికొచ్చిన చుట్టమొకాయన, "చెన్నైలో హీటరెందుకండీ?" అని అడిగాడట!

తంబురా మీటితే అందులో విన్నాను నేను అసలు తంబురాను. తీగె కింద గుర్రం మీద చిన్న దారప్పోగు పెడతారు చూశారూ, జీవా అంటారు, ఆ పోగువల్లనే గదా తంబురాకు ప్రాణం! ఆ తేనెటీగల ఝంకారం మామూలు స్పీకర్లలో దోమల రొదగా మారుతుంది. దీనిలో మారలేదు. మృదంగం కుడిమూతి మీది నల్లని కరణి వల్లనే ఆ వాద్యానికి స్వరశుద్ధి వస్తుందని సి.వి. రామన్ గారు 1920లో శాస్త్రీయంగా చెప్పారు. ఆ శుద్ధి అన్నది చెవికి తెలియాలంటే ఇలాంటి పెట్టె కావాలి. కాదు, పెట్టె లేనిది కావాలి. ఉన్నదున్నట్టు చెప్పడంలో దీనికి సాటి నేను వినలేదు.

మరి దీని పేచీలు? గట్టిగా అరవమంటే అరవదు. దుమ్మూ, తేమా రెండూ దీనికి గిట్టవు. వెనక్కి కూడా ముందుకి పాడినంతా పాడుతుంది కాబట్టి గోడకు బాగా ఎడంగా జరపాలి. అంటే గది మధ్యలో పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, దీనిలో స్వర్గం ఒక్క కుర్చీకే! రెండు పలకల మధ్య సరిగ్గా కొలిచి వేసిన ఆ కుర్చీలో కూర్చుంటే గాయకురాలు ఎదుట వుంటుంది. ఓ మూర పక్కకు జరిగితే ఆవిడ దుప్పటి కప్పుకుంటుంది. ఆ కుర్చీలో ముప్ఫయ్యేళ్ళుగా కూర్చుంటున్నది ఆ ఇంటి పెద్దాయన. ఆయన భార్య కాఫీ తెచ్చినప్పుడు నేను లేచి, "మీరు కూర్చోండి పిన్నిగారూ, ఈ పాట వినండి" అన్నాను. ఆవిడ నవ్వేసి, "నాకు వంటింట్లోకి వినబడుతుందిలేమ్మా" అంది. పాట అయిందాకా నేనూ వెళ్ళి ఆ వంటింట్లో నిలబడ్డాను. వినబడేది పాట కాదు, పాట తాలూకు వార్త. స్పీకరు తప్పేమీ లేదు సుమండీ, దాని స్వభావమే అంత. కాని కొనేవాళ్ళు ఆ స్వభావం తెలుసుకుని కొనాలి: అది ఒక్కరికోసం పాడే పెట్టె.

మూడోది అమెరికాలో, న్యూజెర్సీలో మా పెద్దమ్మ కొడుకు ఇంటి నేలమాళిగలో. అక్కడి మనవాళ్ళ ఇళ్ళలో పూజగది తర్వాత అంత భక్తిగా చూపించే గది ఈ హోమ్ థియేటరే. దాంట్లో రెండు మూలలా నా గుండెలదాకా వచ్చే క్లిప్ష్‌హార్న్‌లు. అర్కాన్సా రాష్ట్రంలో హోప్ అనే చిన్న ఊళ్ళో పాల్ క్లిప్ష్ గారు 1946లో మొదలుపెట్టిన సంత ఇది. మన నాదస్వరం కొస విచ్చుకుని వుంటుంది చూడండి, ఆ సూత్రమే. గొట్టం క్రమంగా విప్పారుతూ పోతే చిన్న ఊపిరికే పెద్ద చప్పుడొస్తుంది. అడుగు స్వరాల గొట్టాన్ని పెట్టెలో మడతలు పెట్టి, చివరి భాగానికి గది మూల గోడలనే వాడుకున్నారు. అంటే మీ ఇంటి గోడ కూడా ఆ స్పీకరులో భాగమే. ఒక్క వాట్‌కు 105 డెసిబెల్స్ అని కంపెనీవారి లెక్క. ఇందాకటి బి.బి.సి. బుల్లిపెట్టె ఒక్క వాట్‌కు ఇచ్చేది సుమారు 83. తేడా 22 డెసిబెల్సే గదా అనుకోకండి. ఈ లెక్కలో పది పెరిగితే కరెంటు పదిరెట్లు కావాలి. అంటే హార్న్ ఒక్క వాట్‌తో చేసే పనికి బుల్లిపెట్టె 150 వాట్లు తిన్నా చాలదు.

"అక్కా, ఇప్పుడు చూడు!" అన్నాడు వాడు మీట నొక్కుతూ. "వినమంటావా, చూడమంటావా?" అన్నాను. రెండూ జరిగాయి. నాదస్వరం, డోలు వేశాడు. పెళ్ళివారు మెట్లు దిగి వస్తున్నారేమోనని నిజంగానే వెనక్కి చూశాను. డోలు దెబ్బ ఉలికిపాటుగా తగలాలి, తగిలింది. ఆ ఉలికిపాటు క్వాడ్‌లో లేదు, బి.బి.సి.లో అసలే లేదు. కాని వీణ వేస్తే, వీణ కూడా పెళ్ళిపందిట్లోకి వచ్చి కూర్చుంది. గమకం చివర మిగిలే ఆ సన్ననిపోగు, మీటు మోగిన హడావుడిలో పోయింది. గంభీరంగా మాట్లాడేవాళ్ళకి గుసగుసలు చేతకానట్టే ఇదీనూ.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. పాట కోసమని కొన్న స్పీకరుతోనే సినిమా కూడా చూడవచ్చునా అన్నది ఈనాడు ప్రతి ఇంట్లోనూ ప్రశ్న. సినిమాహాలు శబ్దానికి ఓ కొలబద్ద వుండాలని 1983లో జార్జ్ లూకాస్ కంపెనీలో టామ్లిన్సన్ హోల్మన్ గారు టి.హెచ్.ఎక్స్. అన్న పద్ధతి పెట్టారు. 1992లో డాల్బీ డిజిటల్ వచ్చింది, 2012లో నెత్తిమీదనుంచి కూడా శబ్దం కురిపించే ఆట్మోస్ వచ్చింది. ఈ పద్ధతుల్లో సినిమాకి కావలసినది పాటకి కావలసినది ఒకటి కాదు. కచేరీలో గట్టిదనానికీ మెల్లదనానికీ మధ్య దూరం గదిలో పట్టేటంత. సినిమాలోనో? మాట మామూలుగా వుండి, బాంబు పేలినప్పుడు 105 డెసిబెల్స్ దాకా పోవాలని శాసనం. బి.బి.సి. బుల్లిపెట్టె చేత అంత పని చేయించాలంటే మూడు మీటర్ల దూరానికి వందల వాట్లు పోయాలి. అది మధ్యలోనే ప్రాణం వదిలేస్తుంది. క్వాడ్ సంగతి సరేసరి. హార్న్ మాత్రం ఆవలించి ఆ పని చేస్తుంది. అంచేత, సినిమాకి హార్న్ గెలిచింది, కథ కంచికి — అని రాసేసి పోవచ్చు. చాలామంది రాసేది అంతే.

కాని నాకు మా ఇంట్లో జరిగింది గుర్తుంది. మా ఇంటి హాల్లోనూ ఐదు పెట్టెలు, ఒక గుమ్మడికాయంత సబ్ వూఫరూ వున్న హోమ్ థియేటర్ ఒకటి వచ్చింది. ఏ కంపెనీదైతేనేం లెండి. బాంబు పేలితే వంటింట్లో గరిటెలు కదిలేవి. పిల్లలు గంతులేశారు. మా అత్తగారికప్పుడు డెబ్భయ్యారు. రాత్రి భోజనాలయ్యాక అందరితో కలిసి సినిమా చూడటం ఆవిడకి అలవాటు. దివాను చివర, గోడకానుకుని ఆవిడ స్థలం. కొత్త పెట్టెలొచ్చిన నెలరోజులకు ఆవిడ హాల్లోకి రావడం మానేసింది. "కథ తెలిసిందే లేమ్మా, మీరు చూడండి" అని తన గదిలోకి వెళ్ళి పడుకునేది. ఆ సినిమా అంతకుముందు శుక్రవారమే విడుదలైంది! కథ తెలియడమేమిటి? మాట వినబడటం లేదు. ఆ మాట పైకి చెప్పుకోవడం ఆవిడకి నామోషీ. చెవిటివాళ్ళ ముందు శంఖం అంటారు. శంఖం బాగానే వినబడుతోంది. మాటే వినబడటం లేదు.

దీని వెనక కారణం వుంది. వయసుతో పోయేది ముందు పై స్వరాల వినికిడి. మాటలో అచ్చులు కింది స్వరాల్లో వుంటాయి, బలంగా వుంటాయి. మాటకు అంచు పెట్టేవి క చ ట త ప లు, శ ష స లు. బాలవ్యాకరణం చదివినవాళ్ళకి పరుషాలూ, ఊష్మాలూ అంటే తెలుస్తుంది. ఇవి సన్నగా, పైన, రెండువేల కంపనాలు దాటిన చోట వుంటాయి. అవి పోతే 'పాట'కీ 'తాత'కీ తేడా పోతుంది. మిగిలేది ఆ-ఆ అన్న అచ్చుల మూలుగే. దానిమీద వెనకాల సంగీతం, వర్షం, గుర్రాలు. మాట మునిగిపోక ఏం చేస్తుంది?

హోమ్ థియేటర్లో మాట బాధ్యతంతా టీవీ కింద పెట్టే మధ్య స్పీకరుది. ఐదింటిలో నిజంగా కథ చెప్పేది అదే. చిత్రం చూడండి, ఖరీదులోనూ, కొలతలోనూ దానికే అన్యాయం. టీవీ కింద ఇరుకులో పట్టాలని దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, నడుమ బుల్లి గుమ్మటం, అటొకటీ ఇటొకటీ గరాటూ పెడతారు. ఎదురుగా కూర్చున్నవాడికి రెండు గరాటుల శబ్దం ఒకేసారి చేరుతుంది. పక్కగా కూర్చున్నవాళ్ళకి ఒకటి ముందు, ఒకటి వెనక చేరి, కొన్ని స్వరాల దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంటే నడుమ సోఫాలో యజమానికి వినబడే మాట వేరు, దివాను చివరున్న ముసలావిడకి చేరే మాట వేరు. ఆవిడ చెవిలో కొంత పోయింది. మిగిలినదాన్ని ఆ పెట్టె తినేసింది.

మేము చేసినదేమిటంటే, ఆ అడ్డపెట్టెను తీసేసి, గరాటు నడిబొడ్డునే గుమ్మటం అమర్చిన రకం పెట్టె ఒకటి తెచ్చాం. ఇంగ్లండులోని కెఫ్ కంపెనీ 1988లో ఈ రకాన్ని ప్రవేశపెట్టింది. తమ యాభయ్యేళ్ళ పండగ గుర్తుగా 2012లో తెచ్చిన ఎల్.ఎస్.50 అన్న చిన్నపెట్టె కూడా ఈ జాతిదే. బి.బి.సి. బుల్లిపెట్టెకు మనవరాలనుకోండి. అడుగు, పై స్వరాలు రెండూ ఒకే చోటునుంచి వస్తాయి కాబట్టి పక్కన కూర్చున్నవాళ్ళకీ మాట చెదరదు. దాన్ని కొంచెం ఎత్తి, మొహం చెవులవైపు తిప్పాం. రిమోట్‌లో మధ్య స్పీకరుకి మూడు డెసిబెల్స్ పెంచాం. సబ్ వూఫర్‌ను మూలనుంచి జరిపి దాని గొంతు తగ్గించాం. మూడోరోజు రాత్రి మా అత్తగారు సినిమా మధ్యలో, "ఆ పిల్ల అబద్ధం చెబుతోందిరా, గొంతు చూడు" అంది. నిజమే, ఆఖరి రీలులో ఆ పిల్లే దొంగని తేలింది! మా ఇంట్లో ఆ పెట్టెలకు అంతకు మించిన సమీక్ష మరెవరూ రాయలేదు.

ఇక 'ఏది గొప్ప' అన్న తీర్పులు ఎలా పుడతాయో కూడా చెప్పాలి. కెనడాలో జాతీయ పరిశోధనా మండలిలో ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి, స్పీకర్లను తెరచాటున పెట్టి జనానికి వినిపించి మార్కులు వేయించారు. ఆయనా, షాన్ ఆలివ్ గారూ కలిసి 1994లో ప్రకటించిన పరిశోధనలో ఇంకో తమాషా వుంది. అవే స్పీకర్లకు, అదే మనుషులు తెర వున్నప్పుడు వేసిన మార్కులు ఒక రకం. తెర తీశాక వేసినవి ఇంకో రకం! కంటికి పెట్టె పెద్దగా కనబడగానే చెవి తన అభిప్రాయం మార్చేసుకుంది. పైన పటారం లోన లొటారం అన్నది మనవాళ్ళకి ప్రయోగశాల లేకుండానే తెలుసు. తెరచాటున ఎక్కువమంది మెచ్చినవేమిటంటే, ఏ స్వరాన్నీ పెంచకుండా తగ్గించకుండా సమంగా పలికేవి. ఎదురుగానే కాక పక్కలకు కూడా అదే తీరుగా పలికేవి. మా దివాను చివర జరిగిన న్యాయం అక్కడ శాస్త్రమై కూర్చుంది.

కాబట్టి కొనబోయే వాళ్ళకి నా సలహా చెబుతాను, వింటే వినండి. మీకు కంఠతా వచ్చిన పాటలు నాలుగు తీసుకెళ్ళండి. కొట్టువాడి పాటలు వాడి పెట్టె కోసం ఏరినవి. వాటిలో ఒక ఆడగొంతు, ఒక తంబురా, ఒక మృదంగం వుండాలి. ఆపైన వార్తలు చదివే గొంతొకటి వినండి. పాటలో దాక్కునే లోపం మాటలో దాక్కోదు. రెండు పెట్టెలను పోల్చేటప్పుడు రెంటినీ ఒకే గట్టిదనానికి తెప్పించండి. రవ్వంత గట్టిగా మోగినది మంచిదనిపించడం చెవి బలహీనత. ఆ బలహీనతమీదే అమ్మకాలు నడుస్తాయి. జత కాకుండా ముందు ఒక్క పెట్టెనే వినండి, గుణం తెలుస్తుంది. కళ్ళు మూసుకోండి. సిగ్గుపడకండి, చీర రంగు చూడటానికి గుమ్మంలోకి వెళ్ళినప్పుడు సిగ్గుపడ్డామా?

మరొక్కటి. గదిని మరిచిపోకండి. పలకరాళ్ళ నేల, సిమెంటు గోడలు, అద్దాల షోకేసులు వున్న మన హాళ్ళలో చప్పట్లు కొడితే చప్పట్లు తిరిగొస్తాయి. అలాంటి గదిలో ఎంత ఖరీదైన పెట్టె అయినా గుళ్ళో మంత్రంలాగే వినబడుతుంది. నేలమీద దళసరి జంపకానా, కిటికీకి బరువైన తెర, గోడకు పుస్తకాల బీరువా — ఇవి స్పీకరులో సగం. ముఖ్యంగా పుస్తకాల బీరువా అని నేను నొక్కి చెప్పడంలో స్వార్థం కొంత వుందనుకున్నా ఫరవాలేదు.

ఇహ తీర్పు. సంగీతమే లోకంగా, ఒంటరిగా, తలుపేసుకుని వినేవారికి క్వాడ్‌ను మించినది నేనెరగను. ఉత్సవం, ఊరేగింపు, యుద్ధం ఇష్టమున్నవాళ్ళకి, పొరుగిల్లు దూరంగా వున్నవాళ్ళకి, హార్న్. పాటా మాటా రెండూ కావాలి, గది చిన్నది, మనుషులు నలుగురు అనుకునే మామూలు సంసారికి బి.బి.సి. బుల్లిపెట్టె వంశం. దానికి తోడు, తిన్నగా అణిగిమణిగి వుండే సబ్ వూఫర్ ఒకటి చాలు. 'మాయాబజార్', 'శంకరాభరణం' లాంటివి చూడటానికి ఐదు పెట్టెలు అక్కర్లేదు. ఆ శబ్దమంతా హాల్లో తెర వెనకనుంచి, ఒక్కచోటినుంచే వచ్చింది. మాట తేటగా పలికే మంచి పెట్టె ఒక్కటున్నా నిండుగా వుంటుంది. ఐదు కొనే డబ్బు మూడింటిమీద పెడితే మూడూ మంచివి వస్తాయి. అందులోనూ ముందు మధ్యదాని సంగతి చూడండి. గరిటెలు కదలడం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అయితే ఇవన్నీ కంపెనీలను బట్టి, గదిని బట్టి మారే తీర్పులు. మారని కొలత ఒకటుంది. కొనేముందు సోఫా నడుమ కూర్చుని వినడం అందరూ చేసేదే. అక్కణ్ణించి లేచి, మీ ఇంట్లో అందరికన్నా చివర ఎవరు కూర్చుంటారో, ఎవరి చెవి అందరికన్నా బలహీనమో, ఎవరు వినబడకపోయినా వినబడిందనే చెబుతారో ఆలోచించుకుని, వాళ్ళ చోటికి సమానమైన చోట కూర్చుని వినండి. అక్కడ మాట తేటగా వుంటే ఆ పెట్టె మంచిది. లేకపోతే, అది ఎంత పెద్దదయినా, ఎన్ని లక్షలదయినా, దానిమీద పూలకుండీ పెట్టుకోవడానికి బాగుంటుంది.